ఏడుపుకు సాక్ష్యం

ఊరు,
28 జూలై 2025.

మేనకోడలు సౌందర్యకు లచ్చమ్మత్త దీవెనలు.

ఫోన్ ఉండగా ఈ కాగితమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. నాకు కుడి చెవి పోయింది, ఎడమ చెవి పోయే దారిలో ఉంది. స్పీకర్ పెడితే తప్ప నీ మాట వినపడదు. స్పీకర్ పెడితే నాకంటే ముందు పక్కింటికి వినపడుతుంది. ఇప్పుడు చెప్పబోయేది పక్కింటికి తెలియకూడదు. అంగన్‌వాడీలో ఇన్నేళ్లుగా పిల్లలకు అఆలు దిద్దిస్తున్న చేయి కదా, ఉత్తరం రాయడం నాకేం కష్టం కాదు.

మా వాడకట్టులో ఉప్పలయ్య కొడుకు వేణు పోయిన సంగతి నీకు తెలుసు. పోయిన చలికాలంలో బోరు దగ్గర స్టార్టర్ ముట్టుకుంటే షాక్ కొట్టింది. ఆ చావుకు శోకం ఎత్తుకున్నది నేనే. మా ఊళ్లో ఎవరు పోయినా ముందు ఒకరు గొంతెత్తి, పోయినవాళ్ల గుణగణాలు మాట కట్టి ఏడవాలి, తక్కినవాళ్లు అందుకోవాలి. మా అమ్మ తర్వాత ఆ పని నా మీద పడింది. ఆ రోజు నా ఏడుపు విని తిరుమలగిరి బస్సులో పోయేవాళ్లు కూడా దిగి వచ్చారని ఊరంతా గొప్పగా చెప్పుకున్నారు. ఇప్పుడు అదే ఊరు అది దొంగ ఏడుపంటోంది.

వేణు కూతురు చిట్టి నా సెంటర్‌కే వస్తుంది. కొన్నాళ్లుగా ఆ పిల్ల గుడ్డు తింటూ తింటూ ఆగిపోతోంది. కళ్లు ఒక మూలకు పోతాయి, పెదవి అదురుతుంది, పిలిస్తే పలకదు. కాసేపటికి మళ్లీ మామూలు. ఈ మధ్య ఒకసారి కిందపడి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. నేను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తేరుకున్నాక ఇంటికి ఎత్తుకెళ్లాను. “రూపా, బిడ్డను జల్ది దవాఖానకు తీస్కపో, ఇవి ఫిట్స్ లెక్కనే ఉన్నయి” అని వాళ్లమ్మతో చెప్పాను. రూప పాపం బయలుదేరింది కూడా. ఉప్పలయ్య ఆపేసి, పిల్లను ఎవరో మంత్రతంత్రాలు చూసేవాడి దగ్గరికి తీసుకుపోయాడు. వాడు నిమ్మకాయ కోసి, “మీ ఇంట్ల సావుకు బయటికి ఏడ్సుకుంట లోపల నవ్విన మనిషి ఉన్నది. ఆమె చేసిన మంత్రమే ఇది” అన్నాడట.

అందరికంటే గట్టిగా ఏడ్చింది ఎవరు? నేను. వేణుతో తగాదా ఉన్నది ఎవరికి? నాకే. పిల్లల గుడ్లు అమ్ముకుంటున్నానని వాడు నా మీద పైకి అర్జీ పెట్టాడు. విచారణకు వచ్చినవాళ్లకు ఏమీ దొరకలేదు కానీ మాట మిగిలిపోయింది. ఏడ్చే మగవాణ్ణి నమ్మరాదని సామెత ఉంది. ఏడ్చే ఆడదాన్ని నమ్మరాదని ఏ సామెతలో ఉందో వీళ్లే చెప్పాలి.

సెంటర్‌కు పిల్లల్ని పంపడం మానేశారు. అది పోనీ. వచ్చే నెల పొలాల అమావాస్య నాడు చిట్టిని గదిలో కూర్చోబెట్టి మిరపకాయల పొగ వేస్తాడట ఆ నిమ్మకాయలవాడు. మూర్ఛ వచ్చే పసిపిల్లకు పొగ వేస్తే ఊపిరి అందుతుందా? నేను వద్దంటే “సూసిండ్రా, భయపడుతున్నది” అంటున్నారు. మంచి మాటైనా సరే, నా నోట్లోంచి వస్తే విషమే. ముందు నా మీద పడ్డ నింద పోవాలి, అప్పుడు గానీ పిల్ల దవాఖానకు పోదు.

అందుకే నీ టోపీ గుర్తొచ్చింది. నిరుడు ఎండాకాలం కోదాడలో మీ కాలేజీకి వస్తే, నా తలకు తీగల టోపీ పెట్టి “ఏడువు అత్తమ్మా” అన్నావు. నేను రాగం తీయగానే కంప్యూటర్ మీద ‘దుఃఖం’ అని పడింది. మెదడులో పుట్టే అలలను బట్టి మనసులో ఉన్నది చెబుతుందని మీ సార్ అన్నాడు. దాన్ని పట్టుకుని రా. ఊరి పెద్దమనిషి గౌరయ్య కూడా సరేనన్నాడు. పదిమందిలో నా తలకు పెట్టు, లోపల నవ్వు ఉందో లేదో వాళ్లే చూసుకుంటారు.

నీ రాక కోసం చూస్తూ,
లచ్చమ్మత్త.

*

కోదాడ,
1 ఆగస్టు 2025.

అత్తమ్మకు సౌందర్య నమస్కారాలు.

నీ ఉత్తరం కాలేజీకి వస్తే ల్యాబ్‌లో అందరూ వింతగా చూశారు. రాత్రి కంచం ముందు కూర్చుని మళ్లీ చదివాను. మా హాస్టల్ ఆంటీ “ఏవమ్మా, అన్నం తినవేంటి, ఒంట్లో బాలేదా?” అని రెండుసార్లు అడిగింది. ఏం చెప్పాలో తెలియక తలనొప్పి అన్నాను.

అత్తమ్మా, ఆ టోపీ మనసు చదవదు. మేం చేసే పని చెబుతాను. మనుషులకు వీడియోలు చూపిస్తాం. వాళ్ల తల మీద పుట్టే సన్నని కరెంటును రికార్డు చేస్తాం. చూశాక నీకేమనిపించిందని అడిగి, సంతోషమంటే సంతోషమని, భయమంటే భయమని ఆ రికార్డుకు పేరు తగిలిస్తాం. అలాంటివి వందల కొద్దీ చూపిస్తే కంప్యూటర్ పోలికలు నేర్చుకుంటుంది. అలవాటైన మనిషి మీద బాగానే చెబుతుంది. కొత్త మనిషిని కూర్చోబెడితే బొమ్మా బొరుసా వేసినట్టే. ఊరి కక్షల్లో తీర్పు చెప్పే వస్తువు కాదది. నేను తీసుకురాలేను.

నువ్వు తిరుమలగిరి పోలీస్ స్టేషన్‌లో చెప్పు. లేదా సూర్యాపేటలో మీ ఆఫీసుకు వెళ్లు. పసిపిల్లకు పొగ వేస్తామంటే వాళ్లు ఊరుకోరు. ఆశా కార్యకర్తను రూప దగ్గరికి పంపు. పిల్లకు వచ్చేవి ఫిట్సే అనిపిస్తోంది నాకు కూడా. ఆలస్యం చేయకూడదు.

ఉంటాను,
సౌందర్య.

*

ఊరు,
5 ఆగస్టు 2025.

సౌందర్యకు,

నువ్వు కూడా నమ్మడం లేదన్నమాట. టోపీ పెడితే అత్త బండారం బయటపడుతుందని భయపడుతున్నావు. లేకపోతే అంత చదువు చదివి అన్ని సాకులు ఎందుకు? ‘దుఃఖం’ అని పడినప్పుడు చప్పట్లు కొట్టింది నువ్వే కదా. ఆ రోజు మనసు చదివిన డబ్బా ఈ రోజు బొమ్మాబొరుసు ఎట్లా అయింది?

నువ్వు చెప్పినవన్నీ నాకు తోచనివా? సూర్యాపేట ఆఫీసులో మేడం “ఊరి గొడవలల్ల తల పెట్టకు లచ్చమ్మా, కొన్నొద్దులు సెలవు పెట్టు” అన్నది. ఆశా పిల్ల పోతే ఉప్పలయ్య తలుపు తీయలేదు. పోలీసు జీపు వాడకట్టులోకి వచ్చిన మరుక్షణం చిట్టిని పాలకీడులో వాళ్ల చుట్టాలింటికి దాటిస్తారు. ఆ మాట ఉప్పలయ్య నా ముఖం మీదే అన్నాడు. ఇక్కడైతే కనీసం గోడ మీది నుంచి పిల్లను చూస్తున్నాను. అక్కడికి పోతే పొగ వేశారో వాత పెట్టారో కూడా తెలియదు.

నిన్న సెంటర్ తలుపుకు ఎవరో పసుపూ కుంకుమా పూసి, నిమ్మకాయలు కట్టిపోయారు. నేనే తుడిచాను. తుడుస్తుంటే వెనకనుంచి ఒకామె “తన మంత్రం తనే తీస్కుంటున్నది” అంది. నాకు నవ్వొచ్చింది సౌందర్యా, ఏం చేయమంటావు. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాక ఆ నవ్వు పోయింది.

ఈ పొద్దున చిట్టి మళ్లీ పడింది. రూప కేక వినపడి పరుగెత్తాను. ఉప్పలయ్య కట్టె పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. “అడుగు పెట్టినవంటే కాళ్లు ఇరగ్గొడ్త” అన్నాడు. చిన్నప్పటి నుంచి నన్ను అక్కా అని పిలిచిన మనిషి.

నీకు వీలైతే రా. లేకపోతే రానని ఒక్క ముక్క రాయి. సైన్సు పాఠాలు వద్దు.

లచ్చమ్మ.

*

కోదాడ,
9 ఆగస్టు 2025.

అత్తమ్మా,

నువ్వు తిట్టినా పడతాను. నిన్ను నమ్మకపోవడమన్న మాటే లేదు. కానీ నీకు పూర్తిగా చెప్పకుండా ఊరుకుంటే తప్పవుతుంది.

నువ్వు వెళ్లాక నీ రికార్డింగ్‌ను మళ్లీ పరీక్షించాం. నువ్వు ఏడ్చినప్పుడు కంప్యూటర్ పట్టుకున్నది మెదడు అలలను కాదు. నీ దవడ కదలిక, కనురెప్పల అదురు, నుదుటి ముడత. ముఖంలో కండరాలు కదిలినా కరెంటు పుడుతుంది. మెదడు కరెంటు కంటే అదే బలంగా ఉంటుంది. మా కంప్యూటర్ దాన్ని చూసి దుఃఖమని నేర్చుకుంది. ముఖం కదలకపోతే ‘ప్రశాంతం’ అంటుంది. దాన్ని సరిచేయడానికే నేను ఏడాదిగా తల బద్దలు కొట్టుకుంటున్నాను. ఇంకా కుదరలేదు.

దీనర్థం ఏమిటో నీకు తెలుస్తోందా? టోపీ పెట్టుకుని నువ్వు ఎప్పటిలా శోకం తీస్తే దుఃఖమనే పడుతుంది. నీ మీద మాట పోతుంది. దొంగ ఏడుపు ఏడ్చేవాళ్లకు కూడా అదే పడుతుంది. అందుకే నాకు భయం. ఇవాళ నీకు అనుకూలంగా చెప్పిన డబ్బాను రేపు ఇంకో ఆడమనిషి తలకు పెడతారు. ఆమెకు పదిమందిలో ఏడుపు రాదనుకో, ఆమె గతేమిటి? దాన్ని ఊరికి పరిచయం చేసింది నేనే అవుతాను.

ఇదంతా ఆలోచించి ఆలోచించి చివరికి ఒక మాట అనుకున్నాను. ముందు పిల్ల బతకాలి. తక్కినవి తర్వాత. నేను వస్తాను. మా సార్‌కు ఊళ్లో రికార్డింగులు చేస్తానని మాత్రమే చెబుతాను. దొంగ సాక్ష్యమే, అయినా చెప్పిస్తాను. ఏ రోజు రావాలో రాయి.

సౌందర్య.

*

ఊరు,
12 ఆగస్టు 2025.

సౌందర్యకు,

రావద్దు.

నీ ఉత్తరం చదివి మొదట సంబరపడ్డాను. తర్వాత కూర్చుని ఆలోచించాను. నువ్వేమో అది ముఖాన్నే చూస్తుందంటావు. మీ సార్ మనసును చూస్తుందన్నాడు. సరిచేస్తున్నానని నువ్వే రాశావు. ఈ ఏడాదిలో ఎంతో కొంత సరిపడి ఉంటే? నా తల మీద పెట్టినప్పుడే అది నిజం చెప్పడం మొదలుపెడితే?

వేణు చావు నాడు, అంతమంది ముందు ఏడుస్తున్నప్పుడు, నా మనసులో ఏముందో నాకు తెలుసు. అది పదిమందికి చూపించేది కాదు. ముఖ్యంగా రూప చూడాల్సింది కాదు.

తడిబట్టలతో గుడి ముందు ప్రమాణం చేస్తానని గౌరయ్యతో చెప్పాను. “ప్రమాణం పాతకాలపు ముచ్చట. నువ్వే మిషిన్ అన్నవ్, ఇగ మిషినే రావాలె” అన్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అన్నారా. ఆ మిషిన్ మాట ఎత్తింది నేనే మరి.

వేరే దారి ఏదైనా చూస్తాను. నువ్వు మాత్రం రాకు.

లచ్చమ్మత్త.

*

కోదాడ,
14 ఆగస్టు 2025.

అత్తమ్మా,

రమ్మన్నది నువ్వే. రానంటే కోప్పడింది నువ్వే. నా మనసు చంపుకుని వస్తానంటే ఇప్పుడు వద్దంటున్నావు. అమావాస్య దగ్గరపడింది. ఇంతలో కొత్త దారి ఎక్కడ దొరుకుతుంది?

నీ మనసులో రూప చూడకూడనిది ఏముంది?

అడగకూడదనే అనుకున్నాను. నాన్నకు ఫోన్ చేస్తే సూర్యాపేట నుంచి పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. “మా అక్కకు కోపం జాస్తి, పగ ఇంకా జాస్తి. గుడ్ల దొంగ అన్నోణ్ణి ఆమె మర్సిపోతదా?” అన్నాడు. నాన్న మాటలు నేను పట్టించుకోను. కానీ నువ్వే అలా రాశాక నాకు తిండి సహించడం లేదు. వేణు పోయినప్పుడు నీకు లోపల ఎక్కడో సంతోషం కలిగిందా? కలిగితే కలిగింది, దానివల్ల పిల్లకు ఫిట్స్ రావు. మంత్రాలు లేవని నాకు తెలుసు, నీకూ తెలుసు. కానీ నిజం తెలియకుండా నీ పక్కన నిలబడి దొంగ సాక్ష్యం చెప్పలేను. ఒక్కసారి చెప్పు.

సౌందర్య.

*

ఊరు,
17 ఆగస్టు 2025.

సౌందర్యకు,

మీ నాన్నను చంకనెత్తుకుని పెంచాను. వాడే ఆ మాట అన్నాడంటే ఇంక ఉప్పలయ్యను ఏమనుకోను? నీ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. ఒక రాత్రంతా బియ్యం డబ్బా కింద పడేసి ఉంచాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. శోకం తీసేటప్పుడు నా మనసులో దుఃఖం ఉండదు. సంతోషమూ ఉండదు. తర్వాతి మాట ఏమిటా అని ఉంటుంది. వేణు పుట్టిన నాటి కరువును ముందు చెప్పాలా, పెళ్లి ముచ్చట ముందు చెప్పాలా. రూప స్పృహ తప్పేటట్టుంది, కొంచెం గొంతు తగ్గించాలా. నా మీద పెట్టిన అర్జీ సంగతి అందరి కళ్లలోనూ ఉంది, దాన్ని ఎట్లా దాటాలా. ఊపిరి ఎక్కడ తీసుకోవాలా. అది పని సౌందర్యా. నాట్లు వేసేటప్పుడు ఆకలి గుర్తుంటుందా? చావింట్లో అందరూ ఏడవగలగాలంటే ఒకరైనా ఏడవకుండా ఉండాలి. ఆ ఒకరు నేనే.

నాకు దుఃఖం వచ్చింది తర్వాత ఎప్పుడో. చిట్టి సెంటర్‌లో పలక మీద గీతలు గీస్తూ “టీచర్, మా నాయిన బోరుకాడికెల్లి ఎప్పుడొస్తడు?” అని అడిగింది. అప్పుడు వంటగదిలోకి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. దానికి రాగమూ లేదు, మాటా లేదు, చూసినవాళ్లూ లేరు.

ఇది రూపకు తెలిస్తే ఏమనుకుంటుంది? నా మొగుడి శవం ముందు ఈమె పదాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుందా అనుకోదా? నా భయం అదీ. పగ కాదు. మీ నాన్నకు చదివి వినిపించు.

బుధవారం మధ్యాహ్నం పంచాయతీ ఆఫీసు ముందు కూర్చుంటున్నారు. పొద్దున బస్సుకు బయలుదేరి రా. టోపీ తీసుకురా. ముఖం కదలకపోతే ప్రశాంతమని పడుతుందని రాశావు. అది నిజమేనా, ఎవరికైనా అంతేనా? అట్లయితే ఏం చేయాలో నాకు తెలుసు. అక్కడ నేనేది చెబితే అది చెయ్యి. ఎందుకని అడగకు.

లచ్చమ్మత్త.

*

కోదాడ,
21 ఆగస్టు 2025.

అత్తమ్మా,

నిన్న నీతో ఒక్క మాట కూడా చెప్పకుండా బస్సెక్కినందుకు నువ్వు బాధపడి ఉంటావు. నేను ఉండలేకపోయాను.

నువ్వు ఏడుస్తావనే అనుకున్నాను. గౌరయ్య వేణు చావు కథంతా మళ్లీ చెప్పి “ఇగ ఏడువు లచ్చమ్మా” అంటే నువ్వు రాయిలా కూర్చున్నావు. తెర మీద ‘ప్రశాంతం’ అని పడింది. “సూడుండ్రి! పిలగాడు సచ్చిన ముచ్చట సెప్తుంటే ఆమె మనసుల శాంతమట!” అని గౌరయ్య లేచాడు. వెనకనుంచి ఎవరో చెప్పు విసిరారు. నేను ల్యాప్‌టాప్ మూసేసి నిన్ను లాక్కుపోదామనుకున్నాను.

అప్పుడు నువ్వు టోపీ తీసి నా చేతికిచ్చి, “గిప్పుడు ఇది ఉప్పలయ్యకు పెట్టు” అన్నావు. ఎందుకని అడగవద్దన్నావు కాబట్టి అడగలేదు. ఆయన “నేనేమన్న దొంగనా? పెట్టు” అని వచ్చి కూర్చున్నాడు. జెల్ రాస్తుంటే ఆయన తల ఎంత వేడిగా ఉందో నా వేళ్లకు తెలిసింది. నువ్వే గౌరయ్య మాటలను మళ్లీ మొదటి నుంచి చెప్పావు. బోరు, స్టార్టర్, తడి చేయి, వేణు పడిన చోటు. ఆయన రెప్ప కూడా వేయలేదు. తెర మీద ‘ప్రశాంతం’.

నువ్వు, “ఈ డబ్బా నా ముచ్చట సరిగ్గ సెప్పిందంటే ఈయన ముచ్చట గూడ సరిగ్గనే సెప్పినట్టు. కొడుకు పోయిన తండ్రి మనసు సల్లగున్నదట. ఒప్పుకుంటరా?” అన్నావు.

రూప గుంపులోంచి లేచింది. “మా మామ మనసుల శాంతమా? మా ఆయన పోయినకాడికెల్లి మా మామ మంచం మీద ఒరుగుతలేడు, బోరుకాడనే కూసుంటున్నడు! గీ డబ్బా అబద్ధం, గా నిమ్మకాయలోడు అబద్ధం!” అని అరిచింది. ఉప్పలయ్య టోపీ పీకి నేలకు కొట్టి, ఎవరి ముఖమూ చూడకుండా పోయాడు. నేను వంగి తీగలు ఏరుకుంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

నువ్వు గెలిచావు. కానీ నా మిషిన్‌తో ఒక తండ్రిని ఊరి ముందు కూర్చోబెట్టి, నీకు దుఃఖం లేదని చెప్పించావు. అది అబద్ధమని నువ్వే చూపించావు, నిజమే. ఆయనకు ఆ క్షణంలో అది ఎట్లా తగిలిందో? నీ మీద పెట్టబోయిన కత్తినే నువ్వు ఆయన మీద పెట్టావు. ముందే చెబితే నేను ఒప్పుకునేదాన్ని కాదని నీకు తెలుసు, అందుకే చెప్పలేదు.

సంతోషం, దుఃఖం, భయం, ప్రశాంతం అని నాలుగు పేర్లు పెట్టి మనుషుల్ని కొలిచే పని నేను కొన్నాళ్లు ఆపుతున్నాను. సార్‌తో మాట్లాడాను. అదంతా తర్వాత. ఎల్లుండి అమావాస్య. పిల్ల సంగతి ఏమైందో వెంటనే రాయి. కోపం ఉన్నా రాయి.

సౌందర్య.

*

మిర్యాలగూడ,
26 ఆగస్టు 2025.

బంగారుతల్లి సౌందర్యకు,

మిర్యాలగూడ అని చూసి కంగారు పడకు. దవాఖాన బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. అందరం బాగున్నాం.

ఊరికి వచ్చిన నీ ఉత్తరాన్ని ఆశా పిల్ల ఇక్కడికి తెచ్చి ఇచ్చింది. నీ కోపం న్యాయమైనది. ఆయన్ని అట్లా కూర్చోబెట్టినందుకు నాకు గర్వమేమీ లేదు. కానీ నేను ఏడిస్తే దుఃఖమని పడేది, వాళ్లు నమ్మేవాళ్లు, నువ్వు భయపడ్డట్టే ఇంకొకామె తలకు టోపీ కావాలని అడిగేవాళ్లు. ఏడవకపోతే నన్ను కొట్టేవాళ్లు. ఈ రెండూ కాకుండా మూడో దారి ఆ మనిషి ముఖం మీదే ఉందని నాకు తట్టింది. తెలిసే చేశాను. నువ్వు తిట్టు, పడతాను.

నువ్వు బస్సెక్కిన మర్నాడు పొద్దున్నే రూప మా ఇంటి తలుపు కొట్టింది. చంకలో చిట్టి, చేతిలో బట్టల సంచి. “అత్తా, నిడమనూరుకు మా తల్లిగారింటికి పోతున్న. గాడికెల్లి మిర్యాలగూడ దవాఖాన దగ్గర. నువ్వు గూడ రా. బిడ్డకు ఫిట్స్ ఎట్లొచ్చినయో డాక్టర్‌కు నువ్వే సెప్పాలె, నాకు సెప్పస్తలేదు” అంది. వెనక అరుగు మీద ఉప్పలయ్య కూర్చుని ఉన్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

ఇక్కడ చిట్టి తలకు కూడా నీలాంటి తీగలే పెట్టారు. పిల్ల నిద్రపోతేనే బాగా తెలుస్తుందట. నేను జో కొడితే పడుకుంది. తీగలు పెట్టే పిలగాణ్ణి “బాబూ, ఇందుల సంతోషం దుఃఖం కనబడతయా?” అని అడిగాను. “గవేం కనబడవమ్మా, ఫిట్స్ ఉన్నయా లేవా, గంతే” అన్నాడు. ఎంత హాయిగా అనిపించిందో. మూర్ఛేనని తేలింది. మందు రాశారు. ఆపకుండా వాడితే చాలామందికి తగ్గిపోతుందన్నారు. రెండు రోజులు ఉంచుకున్నారు, ఇవాళ పంపిస్తామన్నారు. మందు మొదలుపెట్టాక ఇంకా ఫిట్స్ రాలేదు.

అమావాస్య నాడు ఆ నిమ్మకాయలవాడు మిరపకాయల మూటతో వచ్చాడట. పిల్ల లేదని చెప్పి ఉప్పలయ్యే వాణ్ణి వెనక్కి పంపాడట. ఊరు మాత్రం ఇంకా ఊరే. మంత్రం లేదన్న మాట ఎవరూ అనలేదు. ‘లచ్చమ్మ తెలివిగలది’ అంటున్నారట. సెంటర్‌కు ఎంతమంది పిల్లలు వస్తారో పోయాక చూడాలి.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. నిన్న మధ్యాహ్నం ఉప్పలయ్య ఇక్కడికి వచ్చాడు. రూప, చిట్టి లోపల ఉన్నారు. ఆయన లోపలికి పోలేదు. ఈ బెంచీ మీదే, నాకు వినపడే ఎడమ చెవి వైపు, ఆ చివర కూర్చున్నాడు. నేనూ పలకరించలేదు. ఏమని పలకరించను? తర్వాత నా వైపు తిరగకుండానే అన్నాడు.

“అక్కా, గా దినం నాకు ఒక్క సుక్క రాలే. కొడుకు శవం ముంగట నిలవడితే కండ్లు పొడిగనే ఉన్నయి. నువ్వేమో వాని పుట్టుడు పెరుగుడు అంత సెప్పుకుంట ఏడ్సినవ్. ఊరంత ఏడ్సింది. నా వంతు గూడ నువ్వే ఏడ్సినవ్. గది నేను ఓర్వలేదు. గా నిమ్మకాయలోడు ఏడ్సినామె అని మాట అనంగనే, నేనే నీ పేరు సెప్పిన.”

పేరు చెప్పింది ఆయనే సౌందర్యా. నేను ఇన్నాళ్లూ ఆ నిమ్మకాయలవాడి మాటను పట్టుకుని ఊరే ఊహించిందనుకున్నాను.

కోపం రావాలి. వస్తుందని చూశాను. రాలేదు. ఆయనకు ఏదైనా ఒక మాట చెప్పాలని నోరు తెరిచాను. ఇన్ని చావుల్లో ఎన్నడూ మాటకు తడుముకోని దాన్ని, నాకు ఒక్క మాట కూడా దొరకలేదు. రాగం లేదు, పదం లేదు. ముక్కూ కన్నూ ఏకమై, చిన్నపిల్లలా వెక్కుతూ ఆ బెంచీ మీద కూర్చుండిపోయాను. వచ్చేపోయేవాళ్లు నిలబడి చూస్తున్నారు. నాకు ఆపుకోవడం చేతకాలేదు.

ఆయన కళ్లు అప్పుడు కూడా పొడిగానే ఉన్నాయి. కాసేపు చూసి, బెంచీ మీద ఇటు జరిగి, భుజం మీది తువ్వాల తీసి నా చేతిలో పెట్టి, “ఊకో అక్కా, ఊకో” అని నన్ను ఊరుకోబెట్టాడు.

ఉంటాను, రూప పిలుస్తోంది.

నీ అత్త,
లచ్చమ్మ.